బేగి అనే మాట వెంట

"ఏటప్పా, అలగ సూత్తన్నావు? బేగి సెప్పు, ఎండెక్కిపోతంది."

విజయనగరం గంటస్తంభం దగ్గర పొద్దున్నే కానాగంతల గంప ముందు కూర్చున్న ఆవిడ అన్న మాట ఇది. నేను గబుక్కున వెనక్కి తిరిగాను. మా హిందూపురం వైపు 'అప్పా' అన్నది మగవాళ్లను పిలిచే పిలుపు. నాన్న అప్ప, పక్కింటి పెద్దాయన అప్ప, పేరు తెలియని ఆటోమనిషి కూడా "ఏమప్పా" అంటే పలుకుతాడు. నా వెనక ఎవరో మగమనిషి ఉన్నాడనుకున్నాను. ఎవరూ లేరు. ఆవిడ పిలిచింది నన్నే. ఇక్కడ అప్ప అంటే అక్క. కన్నడం పక్కన పెరిగిన నా తెలుగులో తండ్రి అయిన మాట, ఒడియా పక్కన పెరిగిన ఆవిడ తెలుగులో తోబుట్టువు అయింది. రెండు రోజుల ప్రయాణం చేసి తెలుగు నేల ఒక కొస నుంచి మరో కొసకు వచ్చిన నాకు, ఊరు తెలియకముందే ఒక చెల్లెలు దొరికింది.

నేను వచ్చింది మాత్రం ఆవిడ అన్న రెండో మాట కోసం. బేగి.

చాలా ఏళ్ల కిందట నేను తెలుగు చెప్పే బడిలో ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల చేరింది. వాళ్లది పలాస వైపు. ఇళ్లు కట్టే పనికి కుటుంబమంతా మా ప్రాంతానికి వచ్చింది. వాన మీద వ్యాసం రాయమంటే, మబ్బు కమ్మగానే అమ్మ బేగి ఇంటికొచ్చీసిందని రాసింది. 'బేగి' కింద ఎర్రగీత గీసి, పక్కన 'త్వరగా' అని రాశాను. ఆ పిల్ల మళ్లీ ఏ వ్యాసంలోనూ ఆ మాట రాయలేదు. నేర్పాననుకున్నాను. సంక్రాంతి దాటాక వాళ్లు మరో ఊరికి పనికి వెళ్లిపోయారు. ఆ ఎర్రగీత మాత్రం నాతోనే ఉండిపోయింది.

అది మళ్లీ సలపడం మొదలుపెట్టింది టెక్సస్‌లో. నిరుడు నాలుగు నెలలు మా అమ్మాయి దగ్గర శాన్ ఆంటోనియోలో ఉన్నాను. అక్కడి తెల్లవాళ్ల ఇంగ్లిషులో ఏదో వేరే ఉప్పు తగిలేది. ఏమీ లేదనడానికి 'నాడా' అంటారు. వెంటనే అనడానికి 'ప్రాంటో' అంటారు. మతి చెడినవాణ్ణి 'లోకో' అంటారు. ఇవన్నీ స్పానిష్ మాటలని, పక్కవీధిలోనే ఆ భాష మాట్లాడేవాళ్లున్నారని మా అమ్మాయి చెప్పింది. మరి వాళ్ల మాట వీళ్ల నోట ఎట్లా పడిందని అడిగితే నన్ను గ్రంథాలయానికి తీసుకెళ్లింది. టెక్సస్ 1836 దాకా మెక్సికోలోది. 1845లో అమెరికాలో కలిసింది. 1846 నుంచి 1848 దాకా జరిగిన యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా దాకా ఉన్న పెద్ద భూభాగం చేతులు మారింది. ఆ బీళ్లలో పశువులను మేపడం, గుర్రం మీద తరమడం, తాడు విసిరి పట్టడం ముందునుంచీ తెలిసినవాళ్లు మెక్సికన్ పశులకాపరులు. కొత్తగా వచ్చిన తెల్లవాళ్లు ఆ పని వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. పనితోపాటు మాటలూ వచ్చాయి. రాంచ్, రోడియో, బ్రాంకో, మస్టాంగ్, స్టాంపీడ్ అన్నీ ఆ కొట్టంలోంచి వచ్చినవే. పశువుల మెడకు విసిరే తాడును స్పానిష్‌లో 'లా రియాటా' అంటారు. విన్నవాళ్లు ముందున్న 'లా'ను కూడా మాటలో కలిపేసి 'లారియట్' చేసుకున్నారు.

నన్ను పట్టుకున్న మాట 'బకరూ'. ఆవును స్పానిష్‌లో 'వాకా' అని రాస్తారు, ఆవులు కాసేవాడు 'వకేరో'. స్పానిష్‌వాళ్లు 'వ' రాసినా పలికేది 'బ'కు దగ్గరగా ఉంటుంది. తెల్లవాళ్ల చెవికి 'బకేరో' అని వినిపించింది. అది తిరిగి తిరిగి 'బకరూ' అయింది. ఆ పుట దగ్గర చదవడం ఆపేశాను. వ రాసి బ పలికే మనుషులు మనకూ పక్కనే ఉన్నారు కదా. ఒడియాలో విష్ణువు బిష్ణు, విశ్వనాథుడు బిశ్వనాథ్. బిజూ పట్నాయక్ అసలు పేరు బిజయానంద, అంటే మన విజయానందుడే. అలాగైతే వేగం బేగి కావడానికి ఎంత దూరం? ఒడియావాళ్లు తొందరగా రమ్మనడానికి 'బేగి ఆస' అంటారని తర్వాత తెలిసింది. మా పక్కనున్న కన్నడంవాళ్లు 'బేగ బా' అంటారని నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మూడు భాషల్లో కాళ్లకు పరుగు నేర్పిన మాటకు నేను ఎర్రగీత గీశాను.

అందుకే ఈ ప్రయాణం.

విజయనగరంలో గురజాడ అప్పారావు ఇంటికి వెళ్లాను. ఆయన నాటకం 'కన్యాశుల్కం' 1892లో ఈ ఊళ్లోనే మొదట ఆడారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి మార్చిన కూర్పు 1909లో వచ్చింది. గిరీశం నోట ఇంగ్లిషు, మధురవాణి నోట మరో తెలుగు, బంట్రోతుల నోట ఇంకో తెలుగు, ఎవరి మాట వారికిచ్చి కూర్చోబెట్టిన పుస్తకం అది. అదే ఊళ్లో, కొద్ది వీధుల అవతల, 1919లో మొదలైన సంగీత కళాశాల ఉంది. దాని మొదటి ప్రధానాచార్యులు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన ఎరువు మాట తగలని అచ్చతెలుగు కోసం తపించిన మనిషి. పారశీ చదువుకుని ఉమర్ ఖయ్యాం పద్యాలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. అన్ని మాటలకూ తలుపు తీసిన ఒకరు, తలుపు మూసి లోపలి దీపం పెద్దది చేసిన ఇంకొకరు, ఒకే కాలంలో ఒకే రాజుల ఊళ్లో తిరిగారు. నేను గురజాడ వైపు మనిషిని. అయినా ఆ సాయంత్రం నారాయణదాసుమీద గౌరవం పెరిగింది. పారశీని అంతగా ప్రేమించినవాడే ఆ మాట ఒక్కటీ తీసుకోకుండా దాని రుచి తేగలిగాడు.

మర్నాడు పాసింజరు రైల్లో శ్రీకాకుళం వైపు. కిటికీకి ఎడమ దూరంగా నీలిరంగు కొండల వరస, దగ్గరలో కోసిన వరి మళ్లు, తాటిచెట్లు, జీలుగుచెట్లు. మా పెన్న ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. ఇక్కడ ప్రతి పావుగంటకూ ఒక గెడ్డ, అందులో అంతో ఇంతో నీళ్లు. మేము వంక అనేదాన్ని వీళ్లు గెడ్డ అంటారు. చీపురుపల్లి దాటాక ఒక కుర్రాడు డబ్బా మెడకు తగిలించుకుని "మురీ మిక్చర్" అంటూ వచ్చాడు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం, వేరుశనగ పప్పు వేసి చకచకా కలిపి కాగితం పొట్లంలో పోశాడు. పొట్లం విప్పి చూస్తే మా బొరుగులే. హిందూపురంలో వీటిని నానబెట్టి, పిండి, పోపు వేసి ఉగ్గాని చేసుకుంటాం. ఆ ఉగ్గాని అన్న పేరు కూడా పోపుకు కన్నడంవాళ్లు చెప్పే 'ఒగ్గరణె' నుంచి మాకు వచ్చిందే. గోదావరి వైపు ఇవే మరమరాలు. ఇక్కడ మురీలు. ఒడియాలో ముఢి, బెంగాల్లో ముడి. ఒకే గింజ, పొయ్యి మీద పేలి, సరిహద్దు దాటినప్పుడల్లా పేరు మార్చుకుంటూ కలకత్తా దాకా పోతుంది. మురీలన్న పేరు ఎక్కడిదని అడిగితే కుర్రాడు వింతగా చూసి, "మురీలంటే మురీలేనండి" అన్నాడు. వాడి దృష్టిలో అది ఎక్కడినుంచో వచ్చిన మాట కాదు. నిజమే, ఉగ్గాని ఎక్కడిదని చిన్నప్పుడు నన్నడిగితే నేనూ అదే అనేదాన్ని.

శ్రీకాకుళంలో నాగావళి దాటి, ఎచ్చెర్ల మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యలేశం వైపు వెళ్లాను. ఈ తీరం ఊళ్లవాళ్లు వేట కోసం ఏళ్లుగా గుజరాత్‌లోని వెరావల్ వెళ్తున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన పడవలు పాకిస్తాన్ జలాల్లోకి పోయాయని అక్కడివాళ్లు పట్టుకున్నారు. ఉత్తరాంధ్ర జాలర్లు కరాచీ జైల్లో పద్నాలుగు నెలలకు దగ్గరగా మగ్గి 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగివచ్చారు. ఆ కథే 2025 ఫిబ్రవరిలో 'తండేల్' అన్న సినిమాగా వచ్చింది. ఆ పేరుకు అర్థం ఏమిటని చాలామంది తెలుగువాళ్లు వెతుక్కున్నారు.

ఇసుకలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఎండ నేరుగా తగలకుండా ఆయన తన గొడుగు నా వైపు జరిపాడు. నేనెవరినో, ఎందుకొచ్చానో అడగనేలేదు. మంచినీళ్లు తాగుతావా అని మాత్రం అడిగాడు.

"నాను పదేనేళ్లు ఎల్లినానమ్మా వెరావలు. తండేలంటే బోటుకి పెద్ద. ఆడు వలెయ్యమంటే ఎయ్యాల, తియ్యమంటే తియ్యాల. మావోళ్లే తండేళ్లయినోళ్లున్నారు."

"ఇక్కడ తెప్ప మీద వెళ్లినప్పుడూ తండేలనే అంటారా?"

"ఆ మాటే అలవాటైపోనాది."

తండేల్ గుజరాత్ తీరంలో, మహారాష్ట్ర తీరంలో బాగా నడిచే మాట. కాబట్టి వలస వెళ్లిన మనవాళ్లు అక్కడినుంచి తెచ్చుకున్నారని నేను ఒక నిర్ణయానికి వచ్చేశాను. ఇంటికి తిరిగొచ్చాక 1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు తిరగేస్తే ఆ నిర్ణయం నిలవలేదు. భారతదేశంలో ఇంగ్లిషువాళ్ల నోట పడిన మాటలన్నీ పోగేసిన పుస్తకం అది. ఓడ కళాసీల మీద పెద్దను ఇంగ్లిషువాళ్లు 'టిండల్' అనేవారని చెప్తూ, దానికి మూలంగా మలయాళ రూపాన్నీ, తెలుగులో తండేలు అన్న రూపాన్నీ ఇచ్చారు. అంటే నూట నలభై ఏళ్ల కిందటే ఇది మన రేవుల్లో ఉంది. పెద్ద ఓడలు ఆగిపోయిన రేవుల్లో ఆ మాట సన్నగిల్లి ఉంటుంది. గుజరాత్ పడవలెక్కిన కుర్రాళ్లు దాన్ని కొత్త మాటగా నేర్చుకుని జీతంతోపాటు ఇంటికి పట్టుకొచ్చి ఉంటారు. మన పందికొక్కు ఇంగ్లిషులోకి వెళ్లి 'బాండికూట్' అయి, ఆస్ట్రేలియా దాకా పోయి అక్కడ వేరే జంతువుకు పేరైంది. అది తిరిగి రాలేదు. తండేలు తిరిగొచ్చింది.

వచ్చేటప్పుడు పెద్దాయన ఇంట్లో ఇంత అంబలి పోశారు. చోడి అంబలి. మేము రాగి అంటాం, సంగటి చేసుకుంటాం. వీళ్లు చోడి అంటారు. కొండకవతల ఒడియావాళ్లు మాండియా అంటారు. ఈ గింజ దగ్గర మాత్రం వీళ్లు పక్కింటి పేరు తీసుకోలేదు.  పులిసిన అన్నపు నీళ్లు ఇక్కడ తరవాణి. ఒడియావాళ్ల పొఖాళ అన్నంలోని పుల్లటి నీళ్లు తొరాణి. ఏది ఎవరి ఇంటి నుంచి ఎవరి ఇంటికి వెళ్లిందో తెలియనంత దగ్గరగా ఉన్నాయి ఆ రెండు కుండలు.

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఒకప్పటి కళింగనగరం. తూర్పు గంగరాజులు ఇక్కడినుంచి ఏలారు. పన్నెండో శతాబ్దంలో పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగ ఈ వంశంవాడే. మధుకేశ్వరుడి గుడి రాళ్లమీద సంస్కృత శాసనాలూ తెలుగు శాసనాలూ పక్కపక్కనే ఉన్నాయి. గుళ్లో ఒడియా యాత్రికుల గుంపు ఒకటి, తెలుగు గుంపు ఒకటి, ఇద్దరికీ హారతి ఒకటే. రాజధాని కటకం వైపు తరలిపోయినా మనుషుల పేర్లలో ఆ రాజ్యం మిగిలింది. ఈ జిల్లాల్లో బెహరా, పట్నాయక్, పాత్రుడు, మహంతి అన్న ఇంటిపేర్లు తెలుగు తప్ప వేరే ఎరగని ఇళ్లలోనూ వినిపిస్తాయి.

ఈ గుడికి దగ్గరలోనే పర్వతాలపేట. 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి అక్కడ పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, మా బడిలో నేనూ ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆయన గురించి ఎక్కువగా చెప్పేది వ్యావహారిక భాష కోసం పోరాడారని. ముఖలింగంలో నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది మరొకటి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఈ గుడి శాసనాలను ఎవరి సాయమూ లేకుండా చదవడం నేర్చుకున్నారు. తర్వాత సవరల భాష నేర్చుకోవాలని ఆ మనుషులను ఇంట్లో పెట్టుకున్నారు, కొండలెక్కి వాళ్ల గూడేల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. క్వినైన్ వాడకంతో వినికిడి పోయింది. చెవుల నిండా నింపుకున్న భాష కోసం ఆ చెవులనే పోగొట్టుకున్న మనిషి, ఆ పని మాత్రం మానలేదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. అప్పటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన అడిగినప్పుడు, సవర భాషకు విలువ ఉందని నమ్మినవాళ్లు ఎందరు?

నేను గీసిన గీత మీద ఆ గుడి మెట్లమీద చాలాసేపు ఆలోచించాను. టెక్సస్‌లో చదివిన ఇంకో సంగతి చెప్పలేదు. ఆ రాష్ట్రం బడుల్లో పోయిన శతాబ్దం నడిమి దాటేదాకా పిల్లలు స్పానిష్ మాట్లాడితే కొట్టేవారు, జరిమానా వేసేవారు. అదే కాలంలో, అదే ఊళ్లలో, తెల్లపిల్లలు గుర్రపుబొమ్మ మీద కూర్చుని తమను 'బకరూ' అని పిలుచుకుంటూ ఆడుకునేవారు. మాట ముద్దొచ్చింది, మాట ఇచ్చిన బిడ్డ వీపు మీద దెబ్బ పడింది. స్పానిష్‌లో 'హుస్గాదో' అంటే న్యాయస్థానం. అమెరికా యాసలో అది 'హూస్‌గౌ' అయి జైలుకు పేరైంది. ఆ న్యాయస్థానం వైపు వెళ్లినవాళ్లు చివరికి చేరేదెక్కడికో ఆ మార్పే చెబుతుంది. 'వామోస్' అంటే పదండి, పోదాం. అందరినీ కలుపుకునే పిలుపు. అది 'వమూస్' అయ్యేసరికి ఇక్కణ్ణుంచి ఫో అన్నట్టు తయారైంది. శ్రీకాకుళం యాస మన సినిమాల్లో ఎవరి నోట పెడతారో, ఎందుకు పెడతారో అందరికీ తెలుసు. హైదరాబాదులో పనిచేసే ఈ జిల్లా కుర్రాళ్లు ఫోనులో ఇంటికి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తారని నౌపడా స్టేషన్లో ఒక తల్లి నాతో అంది. "ఏటి అనడానికి సిగ్గంట ఆడికి" అని తల తిప్పుకుంది. నాకు బదులు రాలేదు.

నౌపడా నుంచి పర్లాకిమిడికి రైలు ఉంది. 1900 నాటికి అక్కడి రాజు వేయించిన చిన్నరైలు దారి అది. ఇప్పుడు పెద్ద పట్టాలయ్యాయి. టెక్కలి, పాతపట్నం దాటాక రాష్ట్రం మారుతుంది. పెట్టెలో మాత్రం ఏమీ మారదు. నా ఎదుటి సీటులో అత్తాకోడళ్లు తెలుగులో మాట్లాడుకుంటూ, టికెట్లు చూసే ఆయనతో ఒడియాలో మాట్లాడి, మళ్లీ తెలుగులోకి వచ్చారు. మధ్యలో ఊపిరి కూడా మార్చుకోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. గిడుగు ఆ ఏడే జీవితమంతా గడిపిన ఊరు వదిలి రాజమండ్రి చేరుకున్నారు. బజారులో నడుస్తుంటే అంగడి బోర్డులు ఒడియాలో ఉన్నాయి, బేరాలు తెలుగులో వినిపించాయి. ఆయన ఏ వీధిలో ఉండేవారో అడిగాను. ఒక మందుల దుకాణం ఆయన పని పక్కన పెట్టి, గొడుగు తీసుకుని నాతో రెండు వీధులు నడిచాడు. ఇదీ అని తేల్చి చెప్పలేకపోయినందుకు నొచ్చుకున్నాడు.

పలాసలో జీడిపప్పు బట్టీల దగ్గర గాలే వేరు. కాలిన పెంకు ఘాటు గొంతులో దిగుతుంది. ఆడవాళ్లు బారులుగా కూర్చుని పిక్క కొడుతుంటారు. పెంకులోని జీడినూనె తగిలి వేళ్ల చర్మం నల్లబడి లేచిపోతుంది. ఒకావిడ చేతులు చూపించి, బూడిద రాసుకుంటే కొంత నయమని చెప్పింది. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చిన చెట్టు ఇది. అక్కడి తుపి జనం 'అకజు' అన్నారు, పోర్చుగీసువాళ్లు 'కజు' అన్నారు, హిందీలోకి కాజూ వచ్చింది, ఇంగ్లిషులో క్యాషూ అయింది. తెలుగు మాత్రం ఆ పేరు తీసుకోలేదు. మన అడవిలో ముందే జీడిచెట్టు ఉంది, చాకలివాళ్లు బట్టలమీద గుర్తు పెట్టడానికి దాని గింజ రసం వాడేవాళ్లు. కొత్త కాయ రసమూ అలాగే కాలుస్తోంది, పండు మామిడిలా తియ్యగా ఉంది. జీడిమామిడి అన్నారు. చేతులు కాలినవాళ్లు పెట్టిన పేరది. పట్నాల్లో మిఠాయి పెట్టెల మీద కాజూ అని రాస్తారు, అక్కడ కాలే చేతులు లేవు.

సోంపేట దగ్గర దిగి బీల చూశాను. కొబ్బరితోటల ఉద్దానానికి ఆనుకుని కిలోమీటర్ల పొడవునా పరిచిన చిత్తడినేల. తామరాకులు, తుంగ, మోకాలి లోతు నీళ్లలో గేదెలు, తెల్లకొంగలు, చిన్న దోనెల్లో వలలేసేవాళ్లు. ఒడియాలో 'బిల' అంటే పొలం, బెంగాలీలో 'బిల్' అంటే నీళ్లు నిలిచే పల్లం. ఇక్కడ రెండూ కలిసి బీల. కాగితాల్లో దీన్ని పనికిరాని భూమి అని రాసి, థర్మల్ విద్యుత్తు కేంద్రానికి ఇవ్వబోతే జనం అడ్డుపడ్డారు. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. బీల మిగిలింది. ఆ నెలలో పత్రికల్లో చదివేదాకా నాకీ మాట తెలియదు. మా అనంతపురంవైపు ఇలాంటి నేల లేదు కనుక మాటా లేదు. గట్టుమీద మేకలు కాస్తున్న ఆయన, "బీల లేకపోతే మాకు సెరువు లేదు, నుయ్యి లేదు, కూడు లేదమ్మా" అన్నాడు. 'చిత్తడినేల' అని రాసి ఉంటే అది ఒక రకం నేల. బీల అంటే ఈ నేలే.

చివరి మజిలీ ఇచ్ఛాపురం. బాహుదా నది అవతల కాస్త దూరానికే ఒడిశా, గంట ప్రయాణంలో బరంపురం. ఈ పక్క ఊళ్లలో, కంచిలి వైపు కూడా, ఒడియాలో చదువు చెప్పే సర్కారు బడులున్నాయి. బెంతు ఒరియా కుటుంబాలు తరతరాలుగా ఇక్కడివే. ఒక కొబ్బరితోటలో కాయలు లెక్కపెడుతున్న పెద్దావిడ దగ్గర ఆగాను. తెలుగులో లెక్కపెడుతోంది. తోటలోకి దూరిన మేకను ఒడియాలో తిట్టింది. నాకు బొండాం కొట్టిచ్చి తెలుగులో కూర్చోమంది. మనవరాలు బడినుంచి వచ్చి ఒడియాలో ఏదో అడిగితే తెలుగులో బదులిచ్చింది, పిల్లకది అర్థమైంది.

"మీ భాష ఏదమ్మా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు నా మొహం చూసింది. ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడిగాను.

"ఎవులొత్తే ఆళ్లదే మాట్లాడతాం. నువ్వొచ్చినావు, నీది మాట్లాడతన్నాను." కొబ్బరినీళ్లకు డబ్బులిస్తే తీసుకోలేదు. ఎండలో వచ్చినదానికి నీళ్లకు డబ్బులేటని కోప్పడింది.

ఆ పిల్ల నోటుపుస్తకం పక్కనే ఉంటే అడిగి తీసుకుని చూశాను. ఒడియా లిపి నాకు రాదు. గుండ్రంగా, మన అక్షరాలకు దూరపు చుట్టంలా ఉంది. పంతులు దిద్దిన చోట ఎర్రగీతలు కనిపించాయి. ఏ మాట కింద గీశారో అడగాలనిపించింది, అడగలేదు. పుస్తకం మూసి ఇచ్చేశాను.

సాయంత్రం సోంపేట వైపు వెళ్లే బస్సు కోసం సెంటర్లో నిలబడ్డాం. బరంపురం నుంచి సరుకు మూటలతో వచ్చిన ఒడియావాళ్లు కొందరు, పలాస బట్టీల్లో రాత్రి పనికి వెళ్లే ఆడవాళ్లు కొందరు, కళాసీ బట్టల్లో ఇద్దరు ముసలివాళ్లు, నేను. ఒకరి మూట ఇంకొకరి కాలికి తగిలితే రెండు భాషల్లో సర్దుకున్నారు. చీకటి పడుతోంది. బస్సు వచ్చి సగం ఆగింది, డ్రైవరు ఇంజను ఆపలేదు. కండక్టరు మెట్టుమీద నుంచి వంగి, బస్సు రేకు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి అరిచాడు.

"బేగి, బేగి!"

అందరం ఒక్కసారే కదిలాం. మూటలు పైకి చేరాయి, ముసలివాళ్లకు చేతులు అందాయి, బట్టీ ఆడవాళ్లలో ఒకామె నా సంచి తన ఒళ్లో పెట్టుకుని పక్కకు జరిగింది.

"కూకో అప్పా," అంది.